ఆగుంబే వానల్లో కప్పల వెంట

మొదటి రోజు: శివమొగ్గ నుంచి ఆగుంబే

జూలై చివరి వారంలో బెంగళూరు నుంచి రాత్రి రైలులో బయలుదేరి తెల్లవారేసరికి శివమొగ్గ చేరుకున్నాం. నాతో ఉన్నది డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ పొందిన మాస్టారు. ఉభయచరాలు నేలమీద ఎలా కదులుతాయో, నీటిలో ఎలా కదులుతాయో, వాటి సొంత చోటులోనే చూడాలన్నది మా యాత్ర ఉద్దేశం. అందుకు ఆగుంబేను ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించనక్కర లేకపోయింది. సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున, పశ్చిమ కనుమల అంచున ఉన్న ఆ చిన్న ఊరిలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. అందులో సింహభాగం జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే పడుతుంది. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది, ఆ చర్మం తడిగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గిన కప్ప మునుపటంత దూరం దూకలేదు. కాబట్టి దాని కదలికను చూడదలచినవారు ముందుగా తాము తడవడానికి సిద్ధపడాలి.

శివమొగ్గ నుంచి తీర్థహళ్లి అరవై కిలోమీటర్లు. దారి గురించి చెప్పవలసింది తక్కువ, వాన తప్ప ఏమీ కనిపించలేదు. తీర్థహళ్లి దాటాక దమ్ము చేసి నాట్లకు సిద్ధంగా ఉంచిన మడుల పక్కన కారు ఆపించాం. గట్టుమీద అరచేతికి మించిన పొలం కప్ప ఒకటి కూర్చుని ఉంది. మన వరి పొలాల్లో తొలకరికి పసుపు రంగు తిరిగి బెకబెకమనే కప్ప జాతే ఇది కూడా. మాస్టారు గట్టుమీదికి రెండడుగులు వేయగానే అది మనిషి పొడవుకు తగ్గని దూరం గాలిలో సాగి మడిలో పడింది.

"కాళ్లు చూశావా? దూకేముందు ఆ కాలు ఎన్ని మడతలు పడి ఉందో లెక్కపెట్టు" అన్నారు మాస్టారు.

తొడ, పిక్క, పాదం అని మనం మూడు లెక్కపెడతాం. కప్పకు నాలుగు. మనకు మడమ దగ్గర పొట్టిగా ఉండే రెండు ఎముకలు కప్పలో పొడుగ్గా సాగి, కాలికి ఒక అదనపు భాగంగా మారాయి. పిక్కలోని రెండు ఎముకలూ కలిసిపోయి ఒకే గట్టి ఎముక అయ్యాయి. వెన్నెముకలో మిగిలినవి తొమ్మిది పూసలే. తోక పూసలన్నీ ఒక్కటై యూరోస్టైల్ అనే కడ్డీగా మారాయి. తుంటి ఎముకలు కూడా పొడుగ్గా సాగి, వెన్నుతో కలిసే చోట కదలగలిగేలా ఉంటాయి. కూర్చున్న కప్ప వీపుమీద గూనిలా కనిపించేది ఈ కీలే. దూకేటప్పుడు తుంటి, మోకాలు, మడమ, వేళ్లు వరుసగా విచ్చుకుంటాయి. అయితే అంతకు ముందే కండరాలు బిగిసి స్నాయువులను సాగదీసి ఉంచుతాయి కనుక, దాచిన ఆ శక్తి కూడా కండరాల శక్తితో కలిసి ఒక్క క్షణంలో బయటపడుతుంది. కప్ప దూకుడు దాని కండరాల బలాన్ని మించినట్టు కనిపించడానికి కారణం ఇదే. దిగేటప్పుడు పని ముందుకాళ్లది. అవి పొట్టివి, మోచేతి కింద ఎముకలు కలిసిపోయి గట్టిపడ్డవి. నేల తగిలే తాకిడిని ఛాతీ ఎముకలతో కలిసి అవి మోస్తాయి.

అవే వెనక కాళ్లు మడిలో మరో పని మొదలుపెట్టాయి. నేల కదలదు, తన్నితే తిరిగి తన్నుతుంది, నీరు జారిపోతుంది. కాబట్టి ఈదే కప్ప కాలు ఎంత బలంగా తన్నిందన్నదానితోపాటు, పాదం ఎంత వెడల్పున ఎంత నీటిని వెనక్కి నెట్టిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కాళ్లు చాచినప్పుడు వేళ్లు విచ్చుకుని వాటి మధ్య చర్మపు పొర బిగుస్తుంది. కాళ్లు ముడుచుకునేటప్పుడు వేళ్లు దగ్గరై పొర ముడుచుకుంటుంది, లేకుంటే ముందుకు పోయినదంతా వెనక్కి రావలసిందే. ముందుకాళ్లు ఒంటికి అంటుకుని ఊరుకుంటాయి. ఆ మడిలోనే కళ్లు, ముక్కు మాత్రం బయటపెట్టి తేలుతున్న నీటికప్పలు కొన్ని, మా నీడ పడగానే నీటి ఉపరితలం మీదనే టపటపా గెంతుతూ అవతలి గట్టుకు చేరాయి. పొలం కప్ప ఒకే పెద్ద తన్నుతో నీటి అడుగుకు పోయింది. ఇవి నీటిని నేలలాగే వాడుకున్నట్టు కనిపించాయి. ఒకే మడిలో, ఒకే భయానికి, రెండు జాతులు రెండు విధాలుగా పారిపోవడం మొదటి రోజునే చూడగలగడం మా అదృష్టమనే చెప్పాలి.

ఈ కాళ్ల కండ మనుషుల కంటికి కూడా ఆనింది. మన దేశం నుంచి కప్ప కాళ్లు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1987లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ సంగతి మాస్టారు చెబుతుండగానే ఆగుంబే వచ్చింది.

రాత్రి బస చేసిన ఇంటి వసారాలో దీపం కింద పురుగుల కోసం గోదురుకప్పలు చేరాయి. వీటి వెనక కాళ్లు పొట్టివి, వేళ్ల మధ్య పొర తక్కువ. పెద్ద దూకుడు వీటి పద్ధతి కాదు. చిన్న చిన్న గెంతులు, మధ్య మధ్య అచ్చంగా నడక: కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు, మళ్లీ ఎడమ, కుడి. ఒళ్లంతా విషగ్రంథులున్న జీవికి పారిపోవలసిన తొందర అంతగా ఉండదు.

రెండవ రోజు: జోగిగుండి, రాత్రి చెరువు

ఉదయం స్థానికుడైన ఒక యువకుడు దారి చూపగా జోగిగుండి వైపు నడిచాం. ఊరికి దగ్గరే ఉన్న చిన్న జలపాతం అది. వానాకాలంలో దాని దగ్గరికి పోవడం కంటే దారి పక్కన నీరు కారుతున్న రాతి గోడల దగ్గర ఆగడమే మా పనికి మేలని ఆ యువకుడు సలహా ఇచ్చాడు. జలగల గురించి రాయడం మొదలుపెడితే వ్యాసం అటే పోతుంది. సాక్సు మోకాళ్ల దాకా లాగి కట్టుకోవాలని చెప్పి వదిలేస్తాను.

అతను చూపించిన రాయి మనిషెత్తు ఉంది, దాదాపు నిట్టనిలువు. దానిమీద నీరు పలుచని పొరలా జారుతోంది. ఆ పొరలో సన్నని నల్లని గీతల్లాంటివి పదుల సంఖ్యలో కనిపించాయి. వేలు దగ్గరికి తీసుకుపోయేసరికి ఒక గీత ఎగిరి జానెడు దూరంలో మళ్లీ రాతికి అంటుకుంది. అవి ఇండిరానా అనే ప్రజాతికి చెందిన కప్పల తోకపిల్లలు. ఈ ప్రజాతి పశ్చిమ కనుమల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. కప్ప పిల్ల అనగానే చెరువులో తోక ఊపుతూ ఈదే గుండ్రని తల గుర్తొస్తుంది మనకు. ఇవి మాత్రం ఈదడమే మానుకున్నాయి. ఒంటి కంటే తక్కువ లోతున్న నీటిలో తోక ఊపితే నెట్టడానికి నీరేదీ? అందుకే వీటి తోక పొడుగ్గా, కండగా ఉంటుంది. చెరువు పిల్లల తోకకు పైనా కిందా ఉండే వెడల్పాటి రెక్క వీటికి పేరుకు మాత్రమే మిగిలింది. రాతికి పొట్ట ఆనించి, తోకను రాతిమీదే ఒత్తి నెట్టుకుంటూ పాచిని గీకి తింటాయి. వెనక కాళ్లు కూడా మిగతా జాతుల పిల్లల కంటే ముందే పెరుగుతాయి, రాతిని పట్టుకోవడానికి అవీ పనికివస్తాయి. అలజడి కలిగితే తోకను ఒక్కసారి విదిలించి ఎగురుతాయి.

నేను కాగితంమీద బొమ్మ వేసుకోవడానికి ఒకదాని ముందు చాలాసేపు కూర్చున్నాను. మూతి రాతికి అంటి ఉంది; కళ్లు పైకి ఉబ్బి ఉన్నాయి; నీటి పొర దాని వీపుమీదికి ఎక్కకుండా రెండు పక్కల నుంచి చీలి పోతోంది. అంటే వీపు గాలిలో, పొట్ట నీటిలో. నాలుగు కాళ్లూ మొలవకముందే ఈ పిల్ల రెండు లోకాల్లోనూ ఒకేసారి ఉంది. ఈ యాత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఇదే, రాత్రి చూడబోయే ఎగిరే కప్ప కంటే కూడా.

వాగు దగ్గర నాట్యకప్పల కోసం వెదకబోతే, వాటి ఆట చూడాలంటే వాన తగ్గి వాగు నెమ్మదించాక రావాలని ఆ యువకుడు చెప్పాడు. మైక్రిక్సాలస్ ప్రజాతికి చెందిన ఈ చిన్న కప్పలు హోరెత్తే వాగుల పక్కన ఉంటాయి. గొంతుతోపాటు, ఒక వెనక కాలిని పూర్తిగా చాచి, వేళ్లు విప్పి, తెల్లని పొరను జెండాలా చూపి మరో మగకప్పను హెచ్చరిస్తాయి. ఉభయచరాల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం 2014లో ఒక్కసారే ఇటువంటి 14 కొత్త జాతులను వర్ణించింది. నీటిని నెట్టడానికి ఏర్పడిన పొర సైగకు పనికివచ్చిందన్న మాట.

చీకటి పడ్డాక ఊరి శివారులో చెట్లు వంగి ఉన్న చిన్న చెరువుకు వెళ్లాం. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాం. ముందుగా కనిపించింది చెట్టుమీది మలబారు ఎగిరే కప్ప పాదం. ఒళ్లు ఆకుపచ్చ, ఆకుల్లో కలిసిపోయింది. పాదాల పొర మాత్రం నారింజ ఎరుపు. అది కొమ్మమీద గెంతలేదు. ఒక చేయి చాచి, వేలి కొనల్లోని గుండ్రని బిళ్లలను ఆకుకు ఆనించి, వెనక నుంచి ముందుకు ఒలిచినట్టుగా విడిపించుకుంటూ నెమ్మదిగా ఎక్కింది. ఆ బిళ్లల అడుగున ఆరు భుజాల ఆకారంలో ఉన్న కణాలు పేర్చి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో జిగట ద్రవం పారుతుంది. ఆ తడి పొరే తడి ఆకుమీద పట్టు ఇస్తుంది. చివరి ఎముకకూ దాని ముందు ఎముకకూ మధ్య ఒక మృదులాస్థి ముక్క ఉంటుంది కనుక, వేలు ఎటు వంగినా బిళ్ల మాత్రం ఆకుకు సమంగా ఆనుతుంది.

అరగంట కాపు కాసిన తర్వాత ఒకటి దూకింది. నాలుగు పాదాలూ విచ్చుకున్నాయి, మోచేతుల వెంట ఉన్న చర్మపు అంచులు కూడా బిగిశాయి. ఏటవాలుగా చెరువు మీదుగా సాగి అవతలి పొదలో దిగింది. ఈ కప్ప తొమ్మిది నుంచి పన్నెండు మీటర్ల దాకా ఇలా సాగగలదని చెబుతారు. మేము చూసినది అందులో సగం కూడా ఉండదు. పడే కోణం 45 డిగ్రీల కంటే తక్కువైతేనే దాన్ని తేలుతూ సాగడమంటారు, ఎక్కువైతే అది గొడుగు పట్టుకుని పడటమే. మనం చూసినది ఏ లెక్కలోకి వస్తుందని అడిగితే, "చీకట్లో కొలబద్ద పెట్టలేదు కదా, చూసినంతకు సంతోషించు" అన్నారు మాస్టారు.

నీటిమీదికి వంగిన ఒక కొమ్మ చివర జంట కప్ప ఒకటి నురగ గూడు కడుతోంది. మగకప్పను వీపున మోస్తూ ఆడకప్ప తన వెనక కాళ్లతో ద్రవాన్ని కవ్వంలా చిలుకుతోంది; నురగ పొంగి ఆకులకు అంటుకుంటోంది. గుడ్లు అందులోనే పొదిగి, పిల్లలు కింద నీటిలోకి రాలతాయి. చెట్టునూ గాలినీ దాటిన కప్పకు చివరికి మళ్లీ నీరే కావాలి. అయితే ఇదే అడవిలో నీటితో ఆ మాత్రం సంబంధం కూడా లేని పొదకప్పలు ఉన్నాయి. రావోర్కెస్టిస్ ప్రజాతిలో గుడ్డులోనే తోకపిల్ల దశ ముగిసి, కాళ్లున్న కప్పే బయటికి వస్తుంది. ఆ కప్పలు పుట్టుకతో ఈత నేర్చుకోవలసిన పనే లేదు.

మూడవ రోజు: వక్కతోట

వాన తెరిపి ఇవ్వలేదు. మేము బస చేసిన ఇంటి యజమాని వక్కతోటలో ఎరువు కుప్ప తవ్విస్తుండగా పనివాడు గట్టిగా కేకవేశాడు. వెళ్లి చూస్తే పారమీద జాన కంటే కాస్త పొడవైన, నేరేడు రంగు జీవి, పక్కన పొడుగునా పసుపు చార. పనివాడు పామనుకున్నాడు, కర్ర కోసం చూస్తున్నాడు. "ఆగండి, ఆగండి, అది కప్పల బంధువు" అని మాస్టారు అడ్డుపడ్డారు. అది ఇక్తియోఫిస్, కాళ్లు లేని ఉభయచరం. ఈ వర్గాన్ని సిసీలియన్లంటారు. ఇలాంటిది ఆంధ్రకు ఆనుకుని ఉన్న తూర్పు కనుమల్లో కూడా ఉంది. గెగెనియోఫిస్ ఓరియంటాలిస్ అనే జాతిని 2013లో అక్కడి నుంచే వర్ణించారు.

యజమాని ఒప్పుకుని, దానిని అరిటాకుమీద ఉంచి తడి మట్టిమీద వదిలాడు. ఒంటి చుట్టూ దగ్గర దగ్గరగా ముడుతలు, ఉంగరాలు పేర్చినట్టు. కళ్లు చర్మం కింద చుక్కల్లా ఉన్నాయి. కంటికీ ముక్కుకీ మధ్య వాసన పసిగట్టే చిన్న స్పర్శాంగం ఒకటి. బయట ఉన్నంతసేపూ అది పాములా పక్కలకు మెలికలు తిరుగుతూ సాగింది. మట్టి అంచుకు చేరి మూతిని మెత్తటి చోట గుచ్చాక మెలికలు ఆగిపోయాయి. ఆ తర్వాతి కదలికను చూడటానికి నేను నేలమీద పడుకోవలసి వచ్చింది: ఒంటి మధ్య ఉంగరాలు మట్టికి అంటి ఉన్నచోటే ఉన్నాయి, తల మాత్రం ముందుకు పోతోంది.

దీని లోపలి పద్ధతి విచిత్రమైనది. పాములో వెన్ను, పక్కటెముకలు, చర్మం గట్టిగా ముడిపడి ఉంటాయి. ఈ జీవిలో వెన్నెముక చర్మపు గొట్టం లోపల కొంతవరకు స్వేచ్ఛగా కదలగలదు. మొదట వెన్ను లోపలే మెలికలు పడి ఒళ్లు లావవుతుంది, ఆ లావుతో గోడలకు అదిమి పట్టు దొరుకుతుంది. తర్వాత వెన్ను తిన్నగా సాగి తలను నెడుతుంది. దానికి తోడు ఒంటి గోడల్లోని కండరాలు అన్నీ బిగిసి, లోపలి ద్రవాన్ని అదిమి, ఒంటిని సన్నగా, పొడుగ్గా చేస్తాయి. పుర్రె ఎముకలు దగ్గరగా కలిసి గట్టిగా ఉంటాయి కనుక తలే గునపం. మెక్సికోలో ఉండే ఇలాంటి ఒక జాతిమీద చేసి 1997లో ప్రచురించిన పరిశోధనలో, అంతే పరిమాణం ఉన్న బొరియల పాము కంటే ఇది దాదాపు రెండింతల బలంతో నెట్టగలదని తేలింది.

ఇంతటి తవ్వకపు జీవి కూడా బాల్యంలో ఈదుతుంది. తల్లి నీటికి దగ్గరి మట్టిలో గుడ్లు పెట్టి వాటిని చుట్టుకుని ఉంటుంది. పొదిగిన పిల్లలు వాగులోకి చేరి, తోకమీది చిన్న రెక్కతో, పక్కలకు మెలికలు తిరుగుతూ ఈదుతాయి. పెద్దవయ్యాక మళ్లీ మట్టిలోకే చేరుకుంటాయి. నాలుగు కాళ్లమీద ఒళ్లు మెలికలు తిప్పుతూ నడిచే మూడో రకం ఉభయచరం, సాలమాండర్, మనకు డార్జీలింగ్ వైపు, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో తప్ప దొరకదు. ఈ యాత్రలో అది ఒక్కటే లోటు.

పది నిమిషాల్లో తోక కొస కూడా మట్టిలో మాయమైంది. పనివాడు మాత్రం అది కాటేయదన్న మాటను చివరిదాకా నమ్మలేదు.

నాలుగవ రోజు: శృంగేరి

వాన కొంచెం తగ్గడంతో ముప్పై కిలోమీటర్లలోపే ఉన్న శృంగేరికి వెళ్లాం. ప్రసవ వేదన పడుతున్న కప్పకు ఎండ తగలకుండా నాగుపాము పడగ విప్పి నీడ పట్టిన దృశ్యం చూసి, ఆది శంకరులు ఇక్కడే పీఠం స్థాపించారన్న కథ మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. తుంగ ఒడ్డున ఆ పామునూ కప్పనూ చూపే శిల్పం ఉంది. గుడ్లు పెట్టే కప్పకు ప్రసవ వేదనేమిటని మాస్టారిని అడగలేదు, గుడిలో అటువంటి ప్రశ్నలు ఆయనకు నచ్చవు.

మెట్ల దగ్గర భక్తులు వేసే బొరుగుల కోసం పెద్ద పెద్ద చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. మా పనికి అక్కడ దొరికింది ఒక పోలిక. చేప ఒళ్లు ఎడతెగని అల, ఎక్కడా ఆగదు. కప్ప ఈతలో తన్ను, జారుడు, మళ్లీ తన్ను. మధ్యలో వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. చేప అలకు దగ్గరగా ఉండేది తోకపిల్ల ఈత. అయితే తోకపిల్ల తోకలో ఎముక లేదు, పూసలు లేవు. మెత్తని పృష్ఠవంశపు కడ్డీ, దాని రెండు పక్కలా కండరాలు మాత్రమే ఉంటాయి. కొన్ని వారాల తర్వాత ఒంట్లోకే కరిగిపోవలసిన తోకలో ఎముక పెంచడం దండగ కదా. ఆ రోజు గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

ఐదవ రోజు: కుందాద్రి, తిరుగు ప్రయాణం

చివరి రోజు సామానుతో సహా బయలుదేరి దారిలో కుందాద్రి కొండ ఎక్కాం. పైన పార్శ్వనాథుని జైన మందిరం, దాని పక్కన రాతిలో నిలిచిన నీటి మడుగులు ఉన్నాయి. పొగమంచులో లోయ కనిపించలేదు కానీ మడుగు అంచున గోదురుకప్ప పిల్లలు కుప్పలుగా ఉన్నాయి. జూన్ మొదటి వానలకు పెట్టిన గుడ్లు కావచ్చు, ఇప్పుడు నీరు వదిలే వేళ. నీటిలో నల్లని తోకపిల్లల మంద, అంచున తోక ఇంకా మిగిలి నాలుగు కాళ్లు వచ్చినవి, రాతిమీద వేలిగోరంత కప్పలు: మూడు దశలూ ఒక్క జానెడు మేర.

వెనక కాళ్లు ముందు మొలుస్తాయి. ముందు కాళ్లు మొప్పల మీది చర్మపు మూత కింద దాగి పెరిగి, ఒక్కసారిగా బయటికి పొడుచుకువస్తాయి. ఇదంతా థైరాయిడ్ హార్మోను నడిపించే మార్పు. అదే తోకను కూడా కరిగిస్తుంది. ఆ కొన్ని రోజులూ పిల్ల తినలేదు, ఎందుకంటే పాచిని గీకే నోరు పోయి పురుగును పట్టే నోరు ఇంకా సిద్ధం కాదు. కరుగుతున్న తోకే దాని ఆహారం. కదలిక విషయంలో ఇంతకు మించిన ఇబ్బంది మరొకటి లేదు. కాళ్లు ఈతకు అడ్డు, తోక గెంతుకు అడ్డు. మా ఎదుట ఒక పిల్ల రాతిమీదికి ఎక్కబోయి, తోక బరువుకు పక్కకు దొర్లి, మళ్లీ నీటిలో పడింది. నీటిలో తోక ఊపితే చాచిన కాళ్లు పట్టి లాగాయి. పాములకూ పక్షులకూ సులువుగా దొరికే వయసు ఇది. గుంపులో అన్నీ దాదాపు ఒకేసారి నీరు వదలడం వల్ల ఆ ప్రమాదం ఉండే రోజులు తగ్గుతాయని మాస్టారి అభిప్రాయం, నాకూ అది సబబుగానే తోచింది.

కొండ దిగేసరికి చీకటి పడింది, వాన మళ్లీ పట్టుకుంది. శివమొగ్గ రోడ్డుమీద అడుగడుగునా కప్పలు. పొలం కప్పలైతే లైటు పడగానే ఒక దూకులో రోడ్డు దాటేస్తున్నాయి. గోదురుకప్పలు నాలుగు గెంతులు వేసి, అలసినట్టు మధ్యలో కూర్చుని, లైటు వైపు చూస్తూ ఉండిపోతున్నాయి. పొట్టి కాళ్లతో, విషపు చర్మంతో పాముల నుంచీ పక్షుల నుంచీ తప్పించుకునే పద్ధతి చక్రానికి పనికిరాదు. కొంతదూరం నేను టార్చి పట్టుకుని కారు ముందు నడిచాను. మాస్టారు కిటికీలోంచి "ఎడమ పక్క, ఎడమ పక్క చూడు" అంటూ హెచ్చరిస్తూ వచ్చారు. డ్రైవరు కాసేపు ఓపిక పట్టి, ఇలాగే పోతే రైలు వెళ్లిపోతుందని చెప్పాడు. కారెక్కి, గంటకు ఇరవై కిలోమీటర్లు దాటవద్దని అతనితో ఒప్పందం చేసుకున్నాం. తీర్థహళ్లి దాటి వాన ఆగి రోడ్డు ఆరాక కప్పలు కనిపించడం మానేశాయి, అతను వేగం పెంచాడు. బెంగళూరు రైలు బయలుదేరడానికి పావుగంట ముందు శివమొగ్గ స్టేషనులో దిగాం.